చూపరికి చోటు



ఆటగాండ్రను గూర్చి చెప్పువారు లోకమున పెక్కుమంది గలరు. ఆట చూచువానిని గూర్చి చెప్పువారు అరుదు. పని మానుకొని, బండి కట్టుకొనియో బస్సు పట్టుకొనియో వచ్చి, ఎండలో మెడ చాచి నిలిచి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఇల్లు చేరుకొను ఆ చూపరికి కావలసినదేమి? వానికొఱకు పూర్వులు ఎట్టి చోటులు కట్టిరి? ఎచ్చట కట్టిరి? ఆ కట్టుటవలన కలిగిన మేలేమి, కీడేమి? ఈ విషయమును గూర్చి నాకు తెలిసిన చరిత్రను నేడు తమకు మనవి చేసికొందును.

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో ఎదురుపడలేదు. మా ఊరి రచ్చబండ మీద ఎదురుపడినది. నేను ముప్పది యేండ్లు పాఠశాలలో చరిత్ర బోధించి విశ్రాంతి తీసికొన్నవాడను. రెండేండ్ల క్రిందట మా గ్రామమున ఆటస్థలమును గూర్చి ఒక వివాదము పుట్టినది. బడి ప్రక్కనున్న స్థలము ఇరుకు. ఊరికి మైలున్నర దూరమున, కాలువ కవతల, నాలుగెకరముల మెరక భూమిని దానముగా నిచ్చెదనని ఒక పెద్దమనిషి ముందుకు వచ్చెను. ఆయన కుమారుడు మంచి కబడ్డీ ఆటగాడు. పిన్నవయసుననే జ్వరము తగిలి పోయెను. వాని పేర మైదానము, దాని చుట్టును మెట్లవరుసలు కట్టింపవలెనని తండ్రి కోరిక. ఆ తండ్రి ముఖము చూచి కాదనుటకు ఎవరికిని నోరు రాలేదు. అయినను సగము ఊరికి ఆ యేర్పాటు మనసునకు పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పుటకు వారికి మాటలు దొరకలేదు. “పంతులుగారూ, మీరు చదువుకున్నవారు, ఏది మంచిదో చెప్పండి” అని నన్నడిగిరి. ఆ పూట నాకును ఏమియు తోచలేదు. ఇంటికి పోయి, నాకు తెలిసిన చరిత్రనంతయు ఈ ఒక్క ప్రశ్న చేతబట్టుకొని మరల త్రిప్పితిని.

మొదట స్టేడియమను మాటనే చూడుడు. ఇది గ్రీకుల మాట. గ్రీసు దేశమున ఒలింపియా యను పుణ్యక్షేత్రమున క్రీస్తుపూర్వము 776వ సంవత్సరము మొదలుకొని నాలుగేండ్లకొకసారి పందెములు జరిగెనని పరంపరగా చెప్పుదురు. వారి భాషలో స్టాడియను అనగా మొదట ఆరువందల అడుగుల కొలత. తరువాత ఆ కొలతగల పరుగుపందెమునకు ఆ పేరు వచ్చినది. పిమ్మట ఆ పందెము జరుగు స్థలమునకును అదే పేరు నిలిచినది. కుంచమను కొలతపాత్ర పేరే మనలో కుంచెడు నేల యని భూమికి పట్టినట్లు, కొలత పేరు చోటునకు పట్టినది.

ఒలింపియాలోని పరుగుబాట సుమారు 192 మీటరుల పొడవు. దాని చుట్టును ఎత్తైన మట్టి గట్లు. నలువది వేల జనము ఆ గట్ల మీదనే కూర్చుండెడివారు. న్యాయనిర్ణేతలకు మాత్రమే రాతి పీటలు. తక్కినవారికందఱికిని పచ్చిగడ్డియే ఆసనము. చెరువుకట్ట మీద కూర్చుండి క్రింద పందెము చూచినవారికి ఈ యేర్పాటును వర్ణించి చెప్పనక్కరలేదు. వాలుగట్టు మీద ముందువాని తల వెనుకవాని కన్నులకు అడ్డము రాదు. ధనవంతుడు ముందు, దరిద్రుడు వెనుక అను భేదమును లేదు. చూపరి కోరునది మొట్టమొదట ఇదియే: చూపు. ఇది లేనిచో తక్కినవన్నియు ఉండియు ప్రయోజనము లేదు.

కాని ఒలింపియాలో లేనిది మఱొకటి గలదు. ఆ పందెములు నడివేసవిలో జరిగెడివి. ఎండ, దుమ్ము, ఈగలు, దప్పిక. ఇవి భరింపరాక యుండెనని ఆనాటి రచయితలే వ్రాసిరి. అన్ని వేల జనమునకు బావులు, ఏటి నీరు తప్ప ధారాళమైన నీటి వసతి లేదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున హెరోడెస్ అట్టికస్ అను గొప్ప ధనికుడు దూరమునుండి కాలువ తెప్పించి అక్కడ ఒక జలమందిరము కట్టించెను. ఆయనయే ఏథెన్సు నగరమున ఉన్న పాత స్టేడియమునకు పాలరాతి మెట్లు కట్టించెను. ఆ పాలరాయి నేటికిని ప్రసిద్ధము. దానినే బాగుచేయించి 1896లో ఆధునిక ఒలింపిక్ పందెములను ఆరంభించిరి. ఒకే మనిషి ఒకచోట పాలరాయి ఇచ్చెను, ఒకచోట నీరిచ్చెను. ఏది గొప్ప దానమని నన్నడిగినచో, నడివేసవిలో ఆ గట్టు మీద కూర్చున్నవానిని అడుగుడని చెప్పుదును.

మన దేశమున ఇట్టి కట్టడములు లేవా యని తమరు అడుగవచ్చును. మన తెలుగునేలనే ఒకటి గలదు. మూడవ, నాలుగవ శతాబ్దులలో ఇక్ష్వాకు రాజులు విజయపురి రాజధానిగా కృష్ణాతీరమును ఏలిరి. ఆ విజయపురియే నాగార్జునకొండ లోయ. నాగార్జునసాగరము కట్టినచో ఆ లోయ మునుగునని తెలిసి, 1954 మొదలు 1960 వఱకు అక్కడ త్రవ్వకములు జరిపిరి. అందు బయటపడినవానిలో నడుమ దీర్ఘచతురస్రమైన రంగస్థలము, దాని నాలుగు వైపులను మెట్లవరుసలు గల ఒక ప్రదర్శనశాల యున్నది. నీరు రాకముందే ముఖ్యమైన కట్టడములను విప్పి వేఱుచోటుల మరల నిలిపిరి. ఈ ప్రదర్శనశాలను అనుపు అనుచోట నిలిపిరి. నేను అక్కడకు పోయి, అన్నిటికంటె పై మెట్టు మీద కూర్చుంటిని. నాతో వచ్చిన మిత్రుడు నడుమ నిలిచి మామూలు గొంతుతో మాటాడగా నాకు స్పష్టముగా వినబడినది. రోమనుల కట్టడముల ముందు అది మిక్కిలి చిన్నది. అయిన నేమి? చిన్నదగుట వలననే దగ్గరతనము గలదు. నడుమ నిలిచినవాని ముఖకవళిక కడపటి వరుసవానికిని కనబడును. కన్నునకు దగ్గర, చెవికి దగ్గర. ఆట చూచుటలోని సుఖములో సగము ఈ దగ్గరతనముననే యున్నది.

ఇక రోము నగరము మాట. ఇక్కడ చరిత్ర చేదుగా మొదలగును. క్రీస్తుశకము 27వ సంవత్సరమున, రోమునకు ఐదు మైళ్ల దూరమున ఫిదేనే యను ఊర, అటీలియస్ అనువాడు లాభాపేక్షతో కఱ్ఱలతో ఒక గొప్ప ప్రదర్శనశాల కట్టెను. గట్టినేల చూచి పునాది వేయలేదు. దూలములను బిగింపుగా కూర్చలేదు. చక్రవర్తి టిబేరియస్ వినోదములనిన గిట్టనివాడు. కావున నగరజనులు వినోదమునకు మొగము వాచియుండిరి. ఊరు దగ్గర కావుటచేత స్త్రీలు, పురుషులు, వృద్ధులు అందఱును తరలిపోయిరి. జనము నిండిన పిమ్మట కట్టడము కూలెను. చచ్చినవారును అంగవిహీనులైనవారును కలిసి ఏబదివేలని టాసిటస్ అను చరిత్రకారుడు వ్రాసెను. ఇరువది వేలకు మించి చచ్చిరని మఱొక చరిత్రకారుడైన స్యూటోనియస్ వ్రాసెను. ఆ దినములలో రోములోని ధనికులు తమ ఇండ్ల తలుపులు తెఱచి, వైద్యులను పంపి గాయపడినవారిని ఆదరించిరట. తరువాత రాజ్యసభవారు ఒక శాసనము చేసిరి: నిర్ణీతమైన ఆస్తి లేనివాడు ఇట్టి ప్రదర్శనములు పెట్టరాదు, గట్టిదని పరీక్షించిన నేలమీద గాని ప్రదర్శనశాల కట్టరాదు. అటీలియస్‌ను దేశమునుండి వెడలగొట్టిరి. చూపరి ప్రాణమును కాపాడుటకు చేసిన చట్టములలో నాకు తెలిసినంత వఱకు ఇది మిక్కిలి పాతది. చట్టము చచ్చినవారి వెనుకనే వచ్చినదని గమనింపుడు. ఈ మాట మరల చెప్పవలసి వచ్చును.

ఏబది యేండ్లు గడచిన పిమ్మట, 80వ సంవత్సరమున, అదే రోములో కొలోసియమను రాతి ప్రదర్శనశాలను తెఱచిరి. దానిని కట్టిన చోటే ఒక కథ. నీరో చక్రవర్తి నగరము నడిబొడ్డున తన విలాసమునకు తోటలు వేయించి, ఒక చెరువు త్రవ్వించెను. తరువాత వచ్చిన వెస్పేసియను ఆ చెరువును పూడ్పించి, ఆ స్థలముననే జనులకొఱకు ఈ కట్టడము మొదలిడెను. రాజు తన కొఱకు తీసికొన్న నేల మరల ప్రజలకు వచ్చినది. ఊరికి దూరముగా పాఱవేసిన స్థలము కాదది. అందఱి కాళ్లకును అందునట్టి స్థలము. దాని పొడవు 188 మీటరులు, వెడల్పు 156 మీటరులు. చుట్టును ఎనుబది ద్వారములు. వానిలో డెబ్బది యాఱింటికి సంఖ్యలు చెక్కిరి. మిగిలియున్న వెలుపలి గోడ మీద 23 మొదలు 54 వఱకు ఆ సంఖ్యలు నేటికిని కనబడుచున్నవి. చూపరి తన సంఖ్యగల ద్వారమున దూరి, తన మెట్లెక్కి, తన వరుసకే చేరును. ఏబది వేలమంది ఒకరినొకరు త్రొక్కుకొనక వచ్చి, త్రొక్కుకొనక పోవుటకు అది ఉపాయము. పైన ఎండ తగులకుండ గొప్ప తెరచాపలు కట్టెడివారు. వానిని లాగుటకు ఓడలలో పనిచేయు నావికులనే నియమించిరి. చూపు, నీడ, ద్వారము; ఈ మూడింటిని ఒకచోట కూర్చినవారు రోమనులు.

అయితే అక్కడ నరులను నరులు చంపుకొనుటయే వినోదము. కూర్చుండుటలోను అంతస్తులే: ముందు వరుస పెద్దలకు, కడపటి పై వరుసలు స్త్రీలకును దాసులకును. కట్టడము మంచిదైనంత మాత్రాన అందు జరుగునది మంచిది కానేరదు. ఈ భేదమును మఱువక మనము వారి ద్వారములను మాత్రము మెచ్చుకొనవలెను.

ఆ ద్వారముల విలువ ఎట్టిదో తెలియవలెననిన బ్రిటను దేశమున ఫుట్‌బాల్ ఆట చరిత్ర చూడవలెను. పంతొమ్మిదవ శతాబ్దపు చివర యంత్రశాలలలో పనిచేయు కూలీలకు శనివారము మధ్యాహ్నము సెలవు దొరకినది. ఆట చూచుటకు వేలకొలది వచ్చిరి. కఱ్ఱతోను మట్టితోను గట్లు లేపి, వారిని నిలువబెట్టిరి. 1902వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన గ్లాస్గో నగరమున ఇబ్రాక్స్ మైదానములో కఱ్ఱగట్టు విఱిగి 25 మంది చనిపోయిరి. ఫిదేనే కథయే మరల జరిగినది. అదే మైదానమున పదుమూడవ సంఖ్యగల మెట్లదారి ఒకటి యుండెను. 1961లో అక్కడ త్రొక్కిసలాటలో ఇద్దఱు పోయిరి. 1971 జనవరి 2న ఆట ముగిసి జనము దిగుచుండగా అవే మెట్ల మీద 66 మంది పోయిరి. పదేండ్ల ముందే చెప్పిన హెచ్చరిక చెవిని బడలేదు.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డు నగరములోని హిల్స్‌బరో మైదానమున జరిగినది అన్నిటికంటె ఘోరము. అప్పటి ఇంగ్లండు మైదానములలో జనము ఆటస్థలము మీదికి దూకకుండ ముందువైపు ఇనుప కంచెలు వేసియుండిరి. ఆ దినమున ఒక ద్వారము తెఱచి, అప్పటికే నిండియున్న దొడ్ల వంటి గదులలోనికి మఱింత జనమును వదలిరి. ముందు కంచె, వెనుక జనము. నడుమ నలిగి 97 మంది చనిపోయిరి. చూపరులే త్రాగివచ్చి అల్లరి చేసిరని మొదట నింద వేసిరి. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు ఆ నిందను తుడుచుటకు ఇరువది యేడేండ్లు పోరాడిరి. 2016లో న్యాయస్థానపు జ్యూరీ చూపరుల తప్పేమియు లేదని తేల్చినది. న్యాయమూర్తి టేలరు 1990లో ఇచ్చిన నివేదిక ననుసరించి కంచెలు తొలగించిరి. పెద్ద మైదానములలో ప్రతివానికి కుర్చీ యుండవలెనని నియమించిరి.

ఇక్కడ ఒక విచిత్రము గలదు. కుర్చీలు వచ్చిన తరువాత చూపరులందఱును సంతోషించిరా? లేదు. పలువురు పాత నిలుపుగట్ల కొఱకు బెంగపడిరి. భుజము భుజము రాచుకొని నిలిచి, గొంతు కలిపి పాడిన సుఖము కుర్చీలో లేదనిరి. టికెట్టు వెల పెరిగి కూలివాడు దూరమాయెననిరి. చివరకు ప్రతి వరుసకును పట్టుకొనుటకు ఇనుప కడ్డీలు బిగించి, క్షేమముగా నిలిచి చూచు ఏర్పాటును 2022 నుండి ఇంగ్లండులో కొన్ని మైదానములలో అనుమతించిరి. దీనినిబట్టి నాకు తెలిసినదేమనగా, చూపరి కోరునది మెత్తని పీట మాత్రమే కాదు. పదిమందిలో ఒకడగుట వాని కోరిక. ఆ పదిమంది క్రింద నలగకుండుట వాని హక్కు. ఈ రెండును ఒకేసారి తీర్చిన కట్టడమే కట్టడము.

మన దేశమును ఈ ఆపద తప్పినది కాదు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ఫుట్‌బాల్ ఆటవేళ కలహము రేగి, త్రొక్కిసలాటలో 16 మంది పోయిరి. 2025 జూన్ 4న బెంగుళూరు నగరమున క్రికెట్టు విజయోత్సవము చూడవచ్చిన జనములో 11 మంది స్టేడియము ద్వారముల వెలుపలనే నలిగి ప్రాణములు విడిచిరి. వారు లోపల అడుగైనను పెట్టలేదు. కావున ద్వారమనగా గోడకు పెట్టిన తలుపు మాత్రమే కాదు. వీధినుండియే ద్వారము మొదలగునని మనము తెలిసికొనవలెను.

ఇక పీట మాట. దీనికి బొంబాయి నగరమును మించిన సాక్ష్యము లేదు. నాగపురమున తెలుగు కుటుంబమున పుట్టిన సి.కె. నాయుడుగారు 1926 డిసెంబరులో అక్కడి జింఖానా మైదానమున, ఇంగ్లండునుండి వచ్చిన జట్టు మీద 153 పరుగులు చేసెను. అందు పదునొకండు సిక్సరులు. ఆ మైదానము నగరపు నడిమధ్య యున్నది. నాయుడుగారి ఆట వార్త ప్రాకగానే పనులలో నున్న జనము పరుగెత్తుకొని వచ్చిరని చెప్పుదురు. మైదానము ఊరికి దూరమైనచో ఆ వార్త విన్నవాడు వినుచునే యుండిపోవలసినదే. మన దేశమున మొదటి టెస్టు ఆట 1933 డిసెంబరులో ఆ మైదానముననే, నాయుడుగారి నాయకత్వముననే జరిగినది. కాని ఆ జింఖానా తెల్లవారిది. భారతీయులకు అందు సభ్యత్వము లేదు. తన ఊర, తన నాయకుని ఆట చూచుటకు వచ్చినవానికి అచ్చటి మంటపమున చోటు లేదు.

అందుచేత భారతీయ క్రికెట్టు క్లబ్బువారు సముద్రమును పూడ్చిన నేల మీద, చర్చిగేటు రైలు స్టేషనుకు దగ్గరగా, బ్రాబోర్ను స్టేడియము కట్టించి 1937లో తెఱచిరి. కట్టడము సొంపైనది. అయినను పీటల తగవు తీఱలేదు. ఆ ఏటనే, తమకు కేటాయించిన చోటులు చాలవని హిందూ జట్టువారు అక్కడి పోటీనుండి తప్పుకొనిరి. తరువాత టికెట్టుల పంపకమును గూర్చి ఆ క్లబ్బునకును బొంబాయి క్రికెట్టు సంఘమునకును ఎడతెగని తగవు నడచినది. తుదకు సంఘమువారు ఆ స్టేడియమునకు కూతవేటు దూరముననే వాంఖెడే స్టేడియమును కట్టుకొనిరి. 1975 జనవరిలో అక్కడ మొదటి టెస్టు ఆట జరిగినది. జింఖానా, బ్రాబోర్ను, వాంఖెడే. ఒక మైలు లోపల మూడు మైదానములు! ఇంత ఖర్చునకును మూలము పీట. నాకు చోటు గలదా, ఆ చోటు ఎవరి దయవలన రావలెను అను ప్రశ్న. అన్నదమ్ములు భోజనముల వరుసలో చోటు దగ్గర అలిగి వేఱు కాపురము పెట్టినట్లున్నది ఈ కథ. కాని మూడింటికిని ఒక మేలు సమానముగా దక్కినది: మూడును నడిచిపోదగిన దూరమున రైలు స్టేషను గలవి. దూరపు పేటలలో నుండు గుమస్తాయు, కూలివాడును రైలు దిగి నడిచి రాగలరు.

ఈ దారి మాట వచ్చినప్పుడు నాకు మా తండ్రిగారు జ్ఞాపకము వచ్చుచుందురు. 1988 డిసెంబరులో న్యూజీలాండు జట్టు హైదరాబాదునకు వచ్చినప్పుడు, ఆయనను ఆట చూపుటకు తీసికొనిపోతిని. ఆ మైదానము పాత పేరు ఫతే మైదాను. 1687లో గోలకొండను గెలిచిన మొగలుసేన విడిసిన చోటగుటచే దానికి విజయపు మైదానమని పేరు కలిగెనందురు. అక్కడ 1955లో జరిగిన మొదటి టెస్టులో పాలీ ఉమ్రీగరు 223 పరుగులు చేసి, టెస్టులలో రెండు వందలు దాటిన మొదటి భారతీయుడాయెను. 1967లో ఆ స్టేడియమునకు లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టిరి. మేమిరువురము గౌలిగూడలో బస్సు దిగి, కోఠీ మీదుగా, ఆబిడ్సు మీదుగా నడిచితిమి. దారిపొడవునను ఆటకు పోవువారే. టీకొట్టుల దగ్గర తెలియనివారు మా తండ్రిగారిని పలుకరించి పందెము మాట చెప్పిరి. ఆయనకు దూరపుచూపు చాలదు; బంతి కనబడలేదు. తిరిగి వచ్చునప్పుడు నేను నొచ్చుకొనుచుండగా ఆయన, “ఒరే అబ్బాయీ, నేను బంతిని చూడలేదుగాని పదివేలమంది ఒక్కసారి లేచి నిలబడడం చూశాను. ఇంకేం కావాలి?” అనెను. ఆ నడకయు ఆటలో భాగమే యని నాకు అప్పుడు తెలియలేదు.

తరువాత నగరము పెరిగినది, వాహనములు పెరిగినవి, పాత స్టేడియము చాలలేదు. ఉప్పలులో విశాలమైన కొత్త స్టేడియము కట్టి, 2005 నుండి పెద్ద ఆటలు అచ్చటనే జరుపుచున్నారు. చోటు విశాలమైనది, కాని నగరము నడుమనుండి దూరమైనది. నేను ఒకసారి మనుమనితో పోయి, ఆటకంటె ఎక్కువసేపు దారిలోనే గడపితిని. 2017 నవంబరులో నాగోలు నుండి మెట్రో రైలు నడచుట మొదలైనది. ఆ దారిలో స్టేడియమనియే పేరుగల స్టేషను ఒకటి వచ్చినది. అప్పటినుండి అదే స్టేడియము దగ్గరైనట్లయినది. మైళ్లు తగ్గలేదు, దారి వచ్చినది. కావున దూరమును గొలుసుతో కాదు, కాళ్లతో కొలువవలెను. ముసలివాడు పోయి రాగలడా? ఆడుబిడ్డ చీకటివేళ భయము లేక ఇల్లు చేరునా? ఇదియే కొలత.

ఇట్లు నా ఆలోచనలో ఐదు మాటలు తేలినవి: చూపు, నీడ, ద్వారము, పీట, దారి. నీడలో నీరును చేరినది. ఆ ఐదు మాటలు పట్టుకొని మరల రచ్చబండ దగ్గరకు పోతిని. మైదానమును ఉత్తరదక్షిణములుగా పెట్టినచో సాయంకాలపు ఎండ ఆటగాని కంట పడదనియు, చూపరులు పడమటివైపు కూర్చుండినచో సూర్యుడు వారి వీపు వెనుక నుండుననియు చెప్పితిని. ఇది ఎల్లరకును వెంటనే తెలిసినది. ఎడ్లపందెములు చూచినవారికి ఒకరు నేర్పవలెనా? కాని కాలువ కవతలి భూమిని గూర్చి తీర్పు చెప్పుటకు నాకు మనసు రాలేదు. కొడుకును పోగొట్టుకొన్న తండ్రికి చరిత్ర పాఠము చెప్పుట మర్యాద కాదు. “అయ్యా, ఒక సాయంకాలము మనము నడిచిపోయి చూచి వత్తము” అని మాత్రము అంటిని.

ఆయన చేతికఱ్ఱ పట్టుకొని బయలుదేరెను. మేము అయిదారుగురము వెంట నడిచితిమి. కాలువ వంతెన దాటునప్పటికి ఆయన మూడుసార్లు నిలిచెను. అక్కడ చెట్టు లేదు, బావి లేదు. మెరకచేలో ఒక గట్టు మీద కూర్చుండి, ఊరివైపు చాలసేపు చూచెను. చీకటి పడుచుండగా లేచి, “పంతులూ, మావాడు ఆడేటప్పుడు నేను రోజూ బడి గోడమీద కూర్చుని చూసేవాణ్ణి. ఇక్కడికైతే నేను మళ్ళీ రాలేను. నేనే రాలేని చోట వాడి పేరెందుకు?” అనెను. మాలో ఎవరమును బదులు చెప్పలేదు.

ఆ భూమిని ఆయన మానుకొనలేదు, ఊరికే ఇచ్చెను. ఊరివారు దానిని కౌలుకిచ్చి, వచ్చిన రాబడితో బడి ప్రక్కనున్న ఇరుకు స్థలమునే బాగుచేసిరి. గోడకు రెండవ ద్వారము తీసిరి. పడమట నాలుగు మెట్లవరుసలు కట్టి, వెనుక వేపమొక్కలు నాటిరి. త్రాగునీటి కుళాయి పెట్టిరి. మెట్ల మీద ఎవరికిని పేరుపెట్టిన పీట లేదు. ముందు వచ్చినవారిది ముందు వరుస. అడుగు వరుసలో ఒక మూల మాత్రము ఆ తండ్రి కూర్చుండుచుండును. అది ఆయనదని ఎవరును వ్రాయలేదు, ఎవరును అక్కడ కూర్చుండరు. మైదానమునకు ఆయన కుమారుని పేరే పెట్టిరి.

పెద్దలారా, తమ ఊళ్లలోను నేడో రేపో ఇట్టి ప్రశ్న రాక మానదు. ప్రభుత్వమువారు స్థలమడుగుదురు, దాత ఒకడు ముందుకు వచ్చును, కాంట్రాక్టరు పటము తెచ్చి చూపును. ఆ పటములో ఆటస్థలము కొలత చూడుడు, తప్పులేదు. కాని సంతకము చేయకముందు ఒక సాయంకాలము తమలో అందఱికంటె ముసలివానిని, అందఱికంటె చిన్నవానిని చేయిపట్టుకొని అక్కడికి నడిపించుకొని పోయి, మరల ఇంటికి తీసికొని రండు. వారు పోయి రాగలిగినచో అది మంచి చోటు. రాలేకపోయినచో, పాలరాయి పఱచినను అది చూపరికి చోటు కాదు.